ఖాళీ బండి ఎత్తు

ఈ పుటలో ఇంతవరకు పుస్తకాల గురించి, పద్యాల గురించి, చిన్ననాటి ఊరి గురించి రాస్తూ వచ్చాను. కార్ల గురించి ఎన్నడూ రాయలేదు. ఒకప్పుడు నాకు ఆ పిచ్చి గట్టిగానే ఉండేదని తెలిసిన మిత్రుడొకరు మొన్న ఒక ప్రశ్న పంపారు. రోజూ ఆఫీసుకు నడుపుకొనే కారుకు ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయించాలనుకొంటున్నారట. ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిస్తే బాగుంటుందని అడిగారు. రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఆ జవాబులో మా అమ్మ ఉంది, మా నాయిన ఉన్నాడు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న నాలుగైదు కిలోమీటర్ల రోడ్డు ఉంది. అందుకని ఆయనకు రాయవలసిన ఉత్తరం కాస్తా ఇలా వ్యాసమైంది.

2016లో మేము దిల్‌సుఖ్‌నగర్ వెనుక ఒక కాలనీలో ఉండేవాళ్ళం. విజయవాడ రోడ్డు మీద నల్లగొండ వైపు నుంచి వచ్చేవారికి మొదట ఎదురయ్యే పట్నం ఎల్బీనగరూ దిల్‌సుఖ్‌నగరే గనుక మా వైపు వారు ఎందరో అక్కడే దిగారు, అక్కడే ఉండిపోయారు. మా నాయిన కూడా అలాగే వచ్చి, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి, ముప్ఫై ఏళ్ళు బస్సుల కింద పడుకొని పనిచేసి, 2009లో పదవీ విరమణ పొందాడు. నా ఆఫీసు ఉప్పల్‌లో. పొద్దున కొత్తపేట, నాగోలు మీదుగా వెళ్ళి, సాయంత్రం అదే దారిన తిరిగి వచ్చేవాణ్ణి. మెట్రో పనులు సాగుతున్న రోజులవి. రోడ్డు నడుమ స్తంభాలు, వాటి చుట్టూ రేకుల కంచెలు, మిగిలిన సందులో బస్సులు, ఆటోలు. వేసవిలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెటుకు వచ్చే మామిడికాయల లారీలు వీటికి తోడు.

ఆ దారిలో తిరగడానికి నాకున్నది 2010 నాటి స్విఫ్టు. మరొకరి దగ్గర కొన్నది. బరువు సుమారు వెయ్యి కిలోలు, ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2390 మిల్లీమీటర్లు, నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ 170 మిల్లీమీటర్లు. ఈ అంకెలు నాకు ఎక్కాల్లా నోటికి వచ్చేవి. ఆ కారులో నాకు నచ్చనిది ఒక్కటే. చక్రానికీ దాని పైనున్న రేకు అంచుకూ నడుమ పిడికిలి దూరేంత ఖాళీ ఉండేది. పొరుగు దేశాల పత్రికల్లోని బొమ్మల్లో అదే కారు నేలకు కరుచుకొని, పరుగుకు సిద్ధమైన పిల్లిలా కనిపించేది. మాది మోకాళ్ళ దాకా పంచె ఎత్తి నీళ్ళు దాటుతున్న పెద్దమనిషిలా ఉండేది.

కేవలం అందం కోసమే అంటే అది పూర్తి నిజం కాదు. కారు ఎత్తు తగ్గితే బరువు నేలకు దగ్గరవుతుంది; మలుపులో పక్కకు ఒరగడం తగ్గుతుంది; చక్రం తిప్పగానే బండి మాట వింటుంది. తెల్లవారుజామున నాగోలు నుంచి ఉప్పల్ వెళ్ళే రింగు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కాని రోజుకు ఎన్ని నిమిషాలు ఆ రోడ్డు నాకలా ఖాళీగా దొరికేదో అప్పుడు లెక్క వేసుకోలేదు.

స్ప్రింగుల సంగతి మాత్రం బాగానే చదివాను. స్ప్రింగు గట్టిదనం మూడింటి మీద ఆధారపడుతుంది: తీగ మందం, చుట్టు వెడల్పు, పనిచేసే చుట్ల సంఖ్య. తీగ మందం పదో వంతు పెరిగితే గట్టిదనం దాదాపు సగం పెరుగుతుంది. చుట్లు తగ్గితే మిగిలిన స్ప్రింగు గట్టిపడుతుంది. అందుకే కొందరు మెకానిక్కులు ఖర్చు లేకుండా ఒక చుట్టు కోసి కారును దించుతారు. అది చేయకూడని పని. కోసిన చివర దాని గిన్నెలో సరిగా కూర్చోదు. చక్రం గాలిలో వేలాడినప్పుడు పొట్టిదైన స్ప్రింగు వదులై తన చోటు తప్పవచ్చు. ఎత్తు తగ్గించడానికే తయారుచేసిన స్ప్రింగులు పొట్టిగా ఉండడంతో పాటు గట్టిగా కూడా ఉంటాయి. ఎందుకంటే కారు కిందికి దిగినకొద్దీ చక్రం పైకి లేవడానికి మిగిలే దారి తగ్గిపోతుంది. ఆ కొద్ది దారిలోనే గుంత దెబ్బనంతా ఆపాలి. ఆపలేకపోతే లోపల అడ్డంగా పెట్టిన రబ్బరు దిమ్మకు తగులుతుంది. అక్కడితో స్ప్రింగు పని అయిపోయి, ఆ దెబ్బ నేరుగా కూర్చున్నవారి నడుముకు చేరుతుంది.

ఉదాహరణకు ఒక చక్రం మీద 250 కిలోల బరువుండి, స్ప్రింగు రెండు కిలోలకు ఒక మిల్లీమీటరు చొప్పున అణుగుతుందనుకొందాం. అది నిమిషానికి సుమారు 85 సార్లు ఊగుతుంది. అదే స్ప్రింగు ముప్ఫై శాతం గట్టిదైతే 97 సార్లు. కాగితం మీద పన్నెండు ఊపుల తేడా. కుర్రవాడికి అది హుషారు. రోగికి అది ఏమవుతుందో ఆ పుస్తకాల్లో లేదు.

పుత్లీబౌలి దుకాణాల్లో వెతికితే మూడు రకాలు దొరికాయి: 15, 25, 40 మిల్లీమీటర్లు దించేవి. ఏది తీసుకోవాలన్నది గల్లీ మొగదలలోని స్పీడు బ్రేకరు తేల్చాలి. అది కాలనీవాళ్ళే సిమెంటుతో పోసుకొన్న గట్టు. రెండు అడుగుల వెడల్పు. రసమట్టం, కొలబద్ద పట్టుకొని వెళ్ళి కొలిచాను. ఎత్తు 115 మిల్లీమీటర్లు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్పీడు బ్రేకరు ఎత్తు కన్నా దాని ఆకారమే కారుకు శత్రువు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన కొలత ప్రకారం గుండ్రని స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల పొడవు ఉండాలి. అంత పొడవైన దాని మీద నా కారు నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కి ఉంటాయి. అప్పుడు గట్టు వంపు కారు కడుపులోకి చొచ్చుకొచ్చేది నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఎంత దించిన కారైనా దాటుతుంది. మా గల్లీలోని రెండడుగుల గట్టు అలా కాదు. ముందు చక్రాలు అవతల, వెనుక చక్రాలు ఇవతల నేల మీద ఉండగా, దాని ఎత్తు మొత్తం కారు కడుపు కిందికి వస్తుంది. ఏటవాలుగా దాటితే ఒక్కొక్క చక్రమే ఎక్కి కొంత మేలు జరుగుతుంది గాని, ఇరుపక్కలా మోటారు సైకిళ్ళు నిలిపే ఆ సందులో కారును వాలుగా తిప్పే చోటు లేదు.

170 లోంచి 40 తీసేస్తే 130. గట్టు 115. ఇంకా ఒకటిన్నర సెంటీమీటరు మిగులుతుంది. నా లెక్క అంతే. 40 మిల్లీమీటర్లవి కొన్నాను.

నాయినకు చూపించాను. ఆయన స్ప్రింగును చేతిలోకి తీసుకొని, బరువు చూసి, తీగను గోటితో గీరి, పక్కన పెట్టాడు. డిపోలో ఆయన పని ఎక్కువగా కమాన్ పట్టీల మీదనే. ఫుట్‌బోర్డు మీద జనం వేలాడే రూట్లలో బస్సు ఎడమవైపు కుంగేదనీ, ఆ పక్క ఎత్తు సరిచూడకుండా షెడ్డు దాటనిచ్చేవారు కాదనీ చెప్పేవాడు.

"లెక్క ఎట్ల జేసినవ్‌రా?" అని అడిగాడు. చెప్పాను.

"ఖాళీ బండి ఎత్తు జూసి ఏం జేస్తవ్? నిండినంక జూడాలె" అన్నాడు.

కారులో ఎక్కువగా నేనొక్కణ్ణే కదా తిరిగేది అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు. ఎల్బీనగర్ షెడ్డులో స్ప్రింగులు మార్పించిన రోజు మాత్రం తానూ వచ్చాడు. విప్పిన పాత స్ప్రింగులను మెకానిక్ తుక్కులో వేయబోతుంటే అడిగి తీసుకొన్నాడు. నూనె పూసి, గోనెసంచిలో చుట్టి, ఇంట్లో అటక మీద పెట్టాడు.

కొత్త స్ప్రింగులతో కారు నిజంగా అందంగా ఉండింది. అబద్ధమెందుకు? రెండు వారాల పాటు ఆఫీసు నుంచి దిగాక నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసుకొన్నాను. అమ్మ కూడా గేటు దగ్గర నిలబడి చూసి, "మంచిగున్నది బిడ్డా, చిన్నగ, ముద్దుగ" అంది.

అమ్మకు అప్పటికి ఏడాదిగా డయాలిసిస్ జరుగుతున్నది. సోమ, బుధ, శుక్రవారాలు. ఎల్బీనగర్ వైపున్న ఒక ఆసుపత్రిలో సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా నాలుగు గంటలు. నాయినా చెల్లెలూ ఆమెను ఆటోలో తీసుకువెళ్ళేవారు. నేను ఆఫీసు నుంచి అటే వెళ్ళి, తొమ్మిదిన్నరకు అందరినీ ఎక్కించుకొని వచ్చేవాణ్ణి. అక్కడ మంచం ఎక్కించే ముందు ఒకసారి, దించిన తరువాత ఒకసారి బరువు తూచేవారు. లోపల చేరిన నీరు రెండు, రెండున్నర కిలోలు తగ్గేది. అంత నీరు నాలుగు గంటల్లో పోయేసరికి రక్తపోటు పడిపోయేది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. సూదులు గుచ్చిన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకొని కారులో వెనుక సీటులో ఒరిగి కూర్చునేది. పక్కన చెల్లెలు, ముందు నాయిన, డిక్కీలో మడత చక్రాల కుర్చీ, దుప్పటి, నీళ్ళ సీసాలు.

కొత్త స్ప్రింగులు వేసిన తరువాత వచ్చిన మొదటి సోమవారమే గల్లీ మొగదలలో కారు కింద సైలెన్సరు గొట్టం గట్టుకు రాసుకొని గరగరమంది. "ఏమైంది బిడ్డా?" అంది అమ్మ. "ఏం లేదమ్మా" అన్నాను. బుధవారం గట్టు ఇంకా పది గజాలుందనగానే ఆమె కుడి చెయ్యి ఎడమ చేతిని వదిలి తలుపు పైనున్న పిడిని పట్టుకోవడం అద్దంలో చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు. శుక్రవారం చెల్లెలు గట్టు ముందు దిగి నడిచింది. తరువాతి వారం నాయిన కూడా దిగాడు. ఇద్దరు దిగితే శబ్దం తగ్గేది గాని పోయేది కాదు. దానికి మేము అలవాటు పడ్డాం. ఇంట్లో కుండపోతగా కురిసే చోట గిన్నె పెట్టుకొని అలవాటు పడినట్టు.

ఆ తరువాత ఒక బుధవారం రాత్రి. కారు గల్లీలోకి తిరిగింది. నేను వేగం తగ్గించాను. వెనుక నుంచి అమ్మ అంది: "నన్ను ఈడ్నే దింపు బిడ్డా. నడ్సుకుంట వస్త. బండికి తాకుతది."

నేను వద్దనే లోపలే తలుపు తీసుకొని దిగింది. చెల్లెలు అటు నుంచి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకొన్నది. నాయిన దిగాడు. వెనుక ఆటో హారన్ కొడుతున్నది. నేను కారును ముందుకు పోనిచ్చాను. నేనూ, డిక్కీలో చక్రాల కుర్చీ. అంతే బరువు. కారు ఆ గట్టును ఏ చప్పుడూ లేకుండా సునాయాసంగా దాటింది. నా లెక్కలో తప్పు లేదు. ఖాళీ కారు దాటుతుందని నేను వేసిన లెక్క అక్షరాలా నిజమైంది.

అద్దంలో చూస్తే అమ్మ కిరాణా దుకాణం మెట్టు మీద కూలబడి ఉంది. నాయిన ఆమె తలను తన పొట్టకు ఆనించి పట్టుకొని ఉన్నాడు. పది అడుగులు కూడా నడవలేకపోయింది.

ఆ రాత్రి ఆమెకు ఏమీ కాలేదు. నీళ్ళు చిలకరించి, కాసేపు పడుకోబెడితే తేరుకుంది. నాకు అర్థమైంది మాత్రం ఒకటుంది. నాలుగు గంటలు యంత్రానికి రక్తం ఇచ్చి వచ్చిన మనిషి, నా బండి కడుపుకు గీత పడకుండా తాను దిగి నడిచింది. ఆ బండి ఎవరి కోసం ఉందో నాకన్నా ఆమెకు బాగా తెలుసు. నా సంతోషం కోసం ఉందనుకొన్నది. తన కోసం కూడా అనుకొని ఉంటే దిగేది కాదు.

ఆదివారం పొద్దున నాయిన ఎవరూ అడగకుండానే అటక ఎక్కి గోనెసంచి దించాడు. ఆటోనగర్‌లో ఆయనకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. వెళ్ళబోయే ముందు ఇంటి ముందే నాయిన సుద్దముక్క, టేపు తెచ్చాడు. నన్నూ చెల్లెల్నీ ఎక్కించాడు. అమ్మ చోట ఆమె బరువుకు సరిపడే బియ్యం బస్తా పెట్టాడు. తాను పక్కింటి కుర్రాణ్ణి పిలిచి టేపు అతని చేతికిచ్చి ముందు సీటులో కూర్చున్నాడు. డిక్కీలో కుర్చీ ఉండనే ఉంది. సైలెన్సరు గొట్టం కింద కొలిస్తే 102 మిల్లీమీటర్లు. గట్టు 115. పాత స్ప్రింగులు బిగించాక అదే బరువుతో మళ్ళీ కొలిచాం. ముందు 25, వెనుక 50, నడుమ 38 మిల్లీమీటర్లు కుంగింది. గొట్టం కింద 132. గట్టు దాటడానికి 17 మిల్లీమీటర్లు మిగిలాయి.

నాయిన గెలిచినట్టు ముఖం పెట్టలేదు. "డిపోల బండిని పొద్దున ఖాళీగ జూస్తం. అది తిరిగేది జనంతోని" అన్నాడు, అంతే.

సోమవారం గట్టు దగ్గర అమ్మ అలవాటుగా తలుపు పిడి మీద చెయ్యి వేసింది. వద్దమ్మా అన్నాను. కారు నెమ్మదిగా ఎక్కి దిగింది. "మల్ల ఎత్తు పెంచినవా?" అంది. అవునన్నాను. కొంచెంసేపు ఆగి, "అట్లనే ముద్దుగుండె గద" అంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగానే అన్నదో ఇప్పటికీ తెలియదు.

ఇక మిత్రుడి ప్రశ్నకు జవాబు. అయ్యా, ముందు మీ కారులో ఎక్కేవారందరినీ, నెలకొకసారి ఎక్కేవారినైనా సరే, ఒక ఆదివారం ఎక్కించి, సామాను కూడా పెట్టి, నేలకు అతి దగ్గరగా ఉన్న భాగం కింద కొలవండి. మీ దారిలోని అన్నిటికన్నా చెడ్డ గట్టును కొలవండి. ఆ రెండింటి మధ్య మిగిలినదే మీరు ఖర్చు పెట్టగల ఎత్తు. అందులోనూ వానకాలం గుంతకు కొంత విడిచిపెట్టాలి. మాకు మిగిలినది 17. దానిలో 15 వాడుకోవచ్చునని కాగితం అంటుంది, నేను వాడలేదు. మలుపులో కారు ఒరుగుతున్నదనే బాధ అయితే ముందు షాక్ అబ్సార్బర్లు అరిగాయేమో చూపించండి, టైర్లలో గాలి సరిచూడండి. చాలా కార్లకు అక్కడే జబ్బు నయమవుతుంది. దించి తీరాలనుకొంటే చుట్లు మాత్రం కోయించకండి. కొత్త స్ప్రింగు గట్టిదనానికి తగిన షాక్ అబ్సార్బర్లు వేయించండి. చక్రాల కోణాలు మారతాయి గనుక అలైన్‌మెంటు చేయించండి, లేకపోతే టైరు లోపలి అంచు తినిపోతుంది. చట్టం సంగతి కూడా మరువకండి. తయారీదారు నిర్దేశించిన మూల స్వరూపానికి భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చదివి, రవాణా కార్యాలయంలో అడిగి, ఆ తరువాతే స్ప్రింగుల ధర అడగండి.

అమ్మ 2018 వేసవిలో వెళ్ళిపోయింది. ఆ సెప్టెంబరు 24న ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో మొదలైంది. ఏళ్ళ తరబడి ఆ స్తంభాల మధ్య ఇరుక్కొని తిరిగిన మనిషి రైలును చూడలేదు. పండ్ల మార్కెటు 2021లో బాటసింగారానికి తరలిపోయింది. మా గల్లీలో పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు పోశారు. ఆ గట్టు సగం అందులో పూడిపోయింది. ఇప్పుడు 40 మిల్లీమీటర్లు దించిన కారు కూడా నిండుగా దాటుతుంది.

కారు ఇంకా మా దగ్గరే ఉంది. చెల్లెలు పెళ్ళి చేసుకొని వెళ్ళింది. నాయిన మోకాళ్ళ నొప్పితో బయటికి రావడం తగ్గించాడు. ఎక్కువగా నేనొక్కణ్ణే తిరుగుతున్నాను. అప్పట్లో నేను నాయినతో అన్న మాట ఇన్నేళ్ళకు నిజమైంది. వెనుక చక్రం మీద ఆ పిడికెడు ఖాళీ మునుపటిలాగే ఉంది. ఒకప్పుడు దాన్ని చూస్తే చిరాకు కలిగేది. వెనుక సీటులో ఎవరైనా కూర్చుంటే అది రెండు వేళ్ళంత తగ్గుతుందని ఇప్పుడు తెలుసు.